కట్టినవాళ్లే విప్పాలి

జూలై 4

అక్కా,

ముందుగా, ఈ ఉత్తరాన్ని నీకంటే ముందే విప్పి చదివే జైలు గుమాస్తాగారికి నమస్కారం. దాచాల్సిన మాట ఇందులో ఒక్కటీ లేదు. నిజం ఎవరు చదివినా నిజమే.

నిన్న వకీలమ్మగారు వచ్చారు. పై కోర్టులో అప్పీలు వేశారట. వచ్చే నెల ఇరవై ఒకటిన విచారణ. మేస్త్రీని కొట్టినందుకు రెండేళ్లు, చేతిలో కత్తి ఉంది కాబట్టి ఇంకో అయిదేళ్లు అన్నాడు కదా కింది కోర్టు జడ్జి. ఆ రెండేళ్ల జోలికి పోవద్దంటున్నారావిడ. నెట్టిన మాట నిజమే కదా. పోట్లాడాల్సింది ఆ అయిదేళ్ల మీద.

"కత్తి ఎందుకు తీశావు?" అని అడిగారు.

"తీయలేదు. పొద్దున్నుంచీ చేతికే కట్టి ఉంది," అన్నాను.

ఆవిడ కలం కింద పెట్టేశారు. ఆవిడకి చేపల షెడ్డు లోపల ఎలా ఉంటుందో తెలియదు. అందుకని మొదట్నుంచీ చెప్పుకొచ్చాను. బల్లకి ఇద్దరం, కోసేవాడొకడు, కడిగేవాడొకడు. ఐసులో చెయ్యి పెట్టి కోస్తుంటే కాసేపటికే వేళ్లు మొద్దుబారిపోతాయి, కత్తి ఎక్కడుందో తెలియదు. అందుకని పాత ఏప్రాన్ చింపిన పీలికతో కత్తిపిడిని అరచేతికీ మణికట్టుకీ కలిపి కట్టించుకుంటాం. కడిగేవాడు కడతాడు. తడిసి ముడి రాయైపోతుంది. గంట కొట్టాక ఆ కట్టినవాడే వేడినీళ్ల బకెట్లో చేతులు ముంచి, వేళ్లలోకి ప్రాణం వచ్చాక విప్పాలి. ఆ రోజు గంట కొట్టింది. లోడు పూర్తవలేదని మేస్త్రీ బకెట్‌ని తన్నేశాడు. ఒక్క ముడి కూడా విప్పడానికి వీల్లేదన్నాడు. నేను రెండు చేతులతో నెట్టాను. కత్తి కూడా నాతో వచ్చింది, మేస్త్రీ చెయ్యి తెగింది. జరిగిందంతే.

"ఇన్నాళ్లూ ఈ మాట ఎందుకు దాచావయ్యా?" అన్నారు వకీలమ్మగారు, తల పట్టుకుని.

దాచలేదక్కా. ఎద్దుని కాడికి కట్టినట్టు నన్ను కత్తికి కట్టారని నిండు కోర్టులో నా నోటితో ఎలా చెప్పను? అందుకే బోనులో అలా అన్నాను: "కత్తి ఉంది. ఉంటే ఏం? ఉత్త చేతులతో అడిగిన రోజున మా మాట ఎవరు విన్నారు?" ఆ వాక్యం ఇప్పటికీ నాకు తప్పనిపించడం లేదు. జడ్జికి మరీ నచ్చినట్టుంది, తీర్పులో మొత్తం రాసుకున్నాడు.

సరే. ఇప్పుడు కావలసింది ఒకే ఒక్క మనిషి. ఆ పొద్దున నాకు కట్టింది బావే. ఆయన వచ్చి "నేనే కట్టాను" అనాలి. మూడు ముక్కలు కూడా లేవు. పై కోర్టులో కొత్త సాక్షిని మామూలుగా వినరట, అయినా అడిగి చూస్తానన్నారు. బావని వెంటనే ఆవిడ దగ్గరకి పంపించు.

నా కరపత్రాల కట్ట జాగ్రత్త.

నీ తమ్ముడు
(తల వంచనివాడు)


జూలై 11

ఒరేయ్ టపాకాయ్,

తల వంచనివాడా, మెడనొప్పి ఎలా ఉంది? పోయినసారి ములాఖత్‌లో చూశాను, మెడ ఒక పక్కకి తిప్పలేకపోతున్నావు. తలగడ ఇస్తున్నారో లేదో రాయి. గుమాస్తాగారూ, మీరైనా కాస్త చూడండి.

మీ బావకి చెప్పాను. విన్నాడు. ఆయన సంగతి నీకు తెలిసిందేగా, నోట్లో నాలుక ఉందో లేదో ముద్ద నమిలేటప్పుడే తెలుస్తుంది. ఈ వారం ఒంట్లో బాగోలేదు. దగ్గు. తగ్గాక పంపిస్తాను.

షెడ్డులో పీలికలన్నీ ఏరించి బాయిలర్లో వేసి కాల్చేశారట. కొత్తగా రబ్బరు చేతితొడుగులు ఇచ్చారు. అవి వేసుకుంటే చేపా జారుతోంది, కత్తీ జారుతోంది, మనిషి ఒక్కడే నిలబడి ఉంటున్నాడట. మేస్త్రీ చేతికి కుట్లు విప్పేశారు. ఆ చెయ్యి ఊపుకుంటూ తిరుగుతున్నాడు.

నీ కరపత్రాల కట్ట అటక మీదే ఉంది. వాన నీళ్లలో వదలడానికి మా చిన్నది అందులో ఒకటి పడవ చేసింది. రెండు తగిలించాను. పడవ మాత్రం బాగా వెళ్లింది.

ఒక్క మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. నెత్తి మీద కత్తి వేలాడుతున్నప్పుడు కూడా నీకు వాక్యం బాగుండాలి. ఆ వాక్యం ఖరీదు అయిదేళ్లురా. ఇంకోసారి ఎవరైనా నిన్ను ఏదైనా అడిగితే, అవునో కాదో చెప్పి ఊరుకో.

మేజోళ్లు పంపిస్తున్నాను. ఎడమదానికి కుట్టు వేశాను, కుడిదానికి అవసరం లేదు.

అక్క


జూలై 19

అక్కా,

దగ్గుకి మందు ఉంటుంది. పిరికితనానికి ఎక్కడా దొరకదు.

వకీలమ్మగారు నిన్న మళ్లీ వచ్చారు. బావ రాలేదన్నారు. కబురు పెడితే ఇంటి తలుపు తీయలేదన్నారు. ఇంకా ఏం అర్థం కావాలి నాకు? పిరికిపంద. గోడ మీద పిల్లి. మేస్త్రీ దగ్గితే తుండుగుడ్డ అందించే రకం. నాలుగేళ్లు ఒకే బల్ల దగ్గర నిలబడ్డాం అక్కా. నేను చదివిన ప్రతి కరపత్రం ఆయనకి చదివి వినిపించాను. తల ఊపేవాడు. దేనికి ఊపాడు? నిద్ర వచ్చి ఊగిందా ఆ తల?

ఇక్కడ నా కార్డు మీద ఎర్ర సిరాతో "ఆయుధం" అని రాశారు. అందుకని నన్ను వంటగదికి రానివ్వరు, తోటలో పార ఇవ్వరు. గోళ్లు తీసుకునే కత్తెర కూడా చేతికివ్వరు. ఆదివారం వరసలో నిలబడి చెయ్యి చాపితే వార్డరు కత్తిరిస్తాడు. మొన్న చిటికెనవేలు చర్మం దాకా తీశాడు. "కదలకు ఆయుధమా," అన్నాడు. ఇప్పుడు బరాకులో అందరూ అలాగే పిలుస్తున్నారు. "ఆయుధమా, టీ తాగావా? ఆయుధమా, కాస్త జరుగు." నవ్వుతారు. నేనూ మొదట నవ్వాను.

నేను అడిగేది దయ కాదు. సాటి కార్మికుడి మాట. దాని బరువేంటో నీకు అర్థం కాదులే, ఇంట్లో ఉండేదానివి. షెడ్డులో చలి ఏమిటో, తడి ముడి ఏమిటో, గంట కొట్టాక కూడా కట్టుకున్న చేత్తో నిలబడటం అంటే ఏమిటో తెలిసినవాడు బావ. తెలిసి కూడా దగ్గుతూ పడుకున్నాడు చూడు, దానికి క్షమాపణ లేదు.

ఆయనతో చెప్పు. ఏడేళ్ల తర్వాత నేను బయటికి వస్తాను. ఆయన గడప మాత్రం తొక్కను.

తమ్ముడు


జూలై 24

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకి చూపించలేదు. అందులో తిట్లన్నీ చిరునామా తప్పి వచ్చాయి. పిరికిపంద, గోడ మీద పిల్లి, తుండుగుడ్డ, అన్నీ నావి.

నీకు శిక్ష వేసిన మర్నాడే మీ బావ చొక్కా ఇస్త్రీ చేయించుకుని ఆ వకీలు ఆఫీసుకి వెళ్లాడు. ఎవరూ చెప్పకముందే. నేను వెనకే పరిగెత్తి మెట్ల మీద పట్టుకున్నాను. జేబు చిరిగింది. మూడు అంతస్తుల వాళ్లు తలుపులు తీసి చూశారు. "వాడికి కట్టింది నేను, నేను వెళ్లి చెప్పాలి," అన్నాడు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన నాతో ఒక్కసారే గొంతు పెంచాడు, అదీ నీ కోసం. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. లేవనన్నాను. తీసుకొచ్చేశాను. దగ్గు లేదు, ఏమీ లేదు. వకీలమ్మ పంపిన మనిషి తలుపు తట్టినప్పుడు లోపల గొళ్లెం పట్టుకుని నిలబడింది నేనే.

ఎందుకంటావా. అంతకు ముందు రోజు కుళాయి దగ్గర మేస్త్రీ పెళ్లాం పలకరించింది. "ముడులు కట్టొద్దని కంపెనీ ఎప్పుడో చెప్పిందటగా వదినా. కట్టినవాడెవడో తేలితే వాడూ లోపలికేనట. మీవాళ్లిద్దరికీ ఒకటే గది ఇస్తారేమోలే, తోడుంటుంది," అని బిందె ఎత్తుకుని నవ్వుకుంటూ పోయింది. ఎవరూ ఎప్పుడూ వద్దనలేదు, అది నీకూ తెలుసు. కానీ ఇప్పుడు అన్నామంటారు. ఎవరు కాదంటారు? ఈ ఇల్లు షెడ్డువాళ్లది. ఈ కుళాయి షెడ్డువాళ్లది. నువ్వు లోపలుంటే నేను ఏడుస్తూ అయినా బతుకుతాను. ఆయన కూడా లోపలికి పోతే ఈ ఇద్దరు ఆడపిల్లల్ని ఏ చెట్టు కింద కూర్చోబెట్టను? నీ కరపత్రాల్లో ఉందా అది? చూసి చెప్పు.

ఒకణ్ణి పోగొట్టుకున్నాను. రెండోవాణ్ణి నా చేత్తో నేనే పంపాలా?

తిట్టు. నన్నే తిట్టు. ఆయన్ని మాత్రం అనకు. ఇప్పుడు రోజూ షెడ్డునుంచి వచ్చి భోజనం దగ్గర కూర్చుని, చేతులు చూసుకుని లేచిపోతున్నాడు.

ఇంట్లో ఉండేదాన్నే. అలాగే అనుకో.

అక్క


ఆగస్టు 2

అక్కా,

నీ ఉత్తరానికి జవాబుగా నాలుగు ఉత్తరాలు రాసి చింపేశాను. మొదటి దాంట్లో నిన్ను తిట్టాను. రెండో దాంట్లో బావని పొగిడాను. మూడు, నాలుగు ఉపన్యాసాలు.

నువ్వు అడిగింది వెతికాను. కట్ట నా దగ్గర లేకపోయినా చాలావరకు నోటికి వచ్చు. ఒక్కో పేజీ గుర్తు చేసుకుంటూ వెళ్లాను. త్యాగం ఉంది, పోరాటం ఉంది, రాబోయే తరాలు ఉన్నాయి. ఆ తరాలు రేపు పొద్దున ఏ ఇంట్లో నిద్ర లేస్తాయో మాత్రం లేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. గోడ మీద గుద్దాను, వేళ్లు వాచాయి. పక్క మంచం ముసలాయన తన చెంబులో నీళ్లు పోసి నా చెయ్యి అందులో పెట్టించాడు. "గోడకి శిక్ష పడదురా ఆయుధమా," అన్నాడు.

నాకు భయంగా ఉందక్కా. ఈ మాట గుమాస్తాగారు చదివినా పర్వాలేదు. పగలు గట్టిగా మాట్లాడతాను, తిండి బాగోలేదని కేకలేస్తాను. ఆ తర్వాత ఏడేళ్లు అనే మాట వచ్చి గుండెల మీద కూర్చుంటుంది. రెండేళ్లయితే లెక్కపెట్టుకోవచ్చు. ఏడుకి అవతలి ఒడ్డు కనిపించడం లేదు. అప్పటికి నేను ఎవరినో, నాకేం మిగులుతుందో. ఇక్కడ పదేళ్లు ఉన్నవాడు ఒకడున్నాడు, తలుపు తెరిచి ఉన్నా ఎవరో చెప్పేదాకా దాటడు.

అయినా వద్దు. బావని పంపించకు. నేను మేస్త్రీని నెట్టినప్పుడు మిమ్మల్ని అడిగి నెట్టలేదు. ఈ ఉత్తరంతో ఒక కాగితం పెడుతున్నాను. అప్పీలు మానుకుంటున్నానని రాసి సంతకం చేశాను. అది వకీలమ్మగారి చేతికి ఇచ్చేయి. ఆవిడ ఈ వైపు వచ్చినప్పుడు నేనే ఇవ్వొచ్చు, కానీ ఆవిడ ముఖం చూస్తే ఇవ్వలేను.

పెద్దదానికి, చిన్నదానికి ముద్దులు. పడవలు ఎన్ని కావాలంటే అన్ని చేసుకోమను.

తమ్ముడు


ఆగస్టు 22

ఒరేయ్,

కూర్చుని చదువు. వకీలమ్మగారు కబురు పంపే ఉంటారు. అయినా నేను చెప్పాల్సింది నేనే చెప్పాలి.

నీ కాగితం పట్టుకుని వెళ్లానురా ఆవిడ దగ్గరికి. ఇచ్చేద్దామనే వెళ్లాను. ఒకటే వాన. చీర కొంగు పిండుకుని, జాకెట్టు చేతులు పైకి మడుచుకుని, కాగితం తడవకుండా కవరులోంచి తీస్తున్నాను. ఆవిడ కాగితం చూడలేదు. నా మణికట్టు చూశారు.

"ఇదేంటమ్మా, ఈ చుట్టూ మచ్చ?"

"అదా, పాత ముడండీ," అన్నాను.

"ఏ ముడి?"

పెళ్లికి ముందునుంచీ, పెద్దది పుట్టేదాకా నేనూ ఆ షెడ్డులో కోత మనిషినే కదా. ఆ పీలిక ఒరుసుకుని ఒరుసుకుని పడ్డ మచ్చ. నా బల్ల దగ్గరే చేపలు కడిగేవాడు మీ బావ. రోజూ పొద్దున కట్టేవాడు, గంట కొట్టాక విప్పేవాడు. నెల రోజుల పాటు నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఒకరోజు విప్పాక చెయ్యి వదలడం మర్చిపోయాడు. ఇంకేముంది, మీ బావ అయ్యాడు. నువ్వప్పుడు పొట్టి లాగుల్లో ఉండేవాడివి. నా దగ్గర చేపల కంపు అని దూరంగా కూర్చుని చదువుకునేవాడివి. నీకు గుర్తు లేకపోవడంలో తప్పులేదు. నాకే గుర్తు లేదు. "బావ సాక్ష్యం, బావ సాక్ష్యం" అని మీరందరూ అంటుంటే, సాక్ష్యమంటే మగాళ్ల వస్తువని నేనూ అనుకున్నాను.

వకీలమ్మ లేచి నిలబడ్డారు. "అమ్మా, మీరు ఆ షెడ్డులో లేరిప్పుడు. మిమ్మల్ని ఎవరూ పనిలోంచి తీసెయ్యలేరు. కత్తులు కట్టడం అక్కడ ఎప్పటినుంచో ఉన్న పద్ధతని మీరు చెప్పండి," అన్నారు. నీ కాగితం ఏం చేశానంటావా? నా చెప్పులు బాగా తడిశాయి. ఉండచుట్టి అందులో కుక్కాను. తడి బాగా పీల్చుకుంది.

నిన్న కోర్టుకి వెళ్లాను. నిన్ను తీసుకురాలేదు, అప్పీలుకి అక్కర్లేదట. బావని పిల్లల దగ్గర ఉండమని ఒట్టు వేయించుకుని వెళ్లాను. ముగ్గురు జడ్జీలు. మధ్యలో ఒక పెద్దావిడ. నన్ను వినడానికి ఆవిడే ఒప్పుకుంది. చెప్పాను. ఐసు, పీలిక, బకెట్టు, అన్నీ. అవతలి వకీలు నన్ను చూసి నవ్వాడు. "ఏనాడో మానేసిన మనిషివి. మొన్న ఆ రోజు కట్టి ఉందని నువ్వు చూశావా?" అన్నాడు.

చూడలేదురా. ఏం చెప్పను? అయిపోయింది అనుకున్నాను. నీ అయిదేళ్లు నా నోట్లోనే ఆగిపోయాయి.

అప్పుడు వెనక బెంచీలోంచి, "నేనే కట్టాను," అని వినిపించింది.

మీ బావ. చంకలో చిన్నది, వేలు పట్టుకుని పెద్దది. జేబు చిరిగిన ఆ చొక్కాయే. "నేనే కట్టాను. నన్ను విప్పనివ్వలేదు," అన్నాడు మళ్లీ. ఒట్టు తప్పాడు దొంగ మొహం.

ఆ పెద్దావిడ ఆయన్ని ముందుకి రమ్మంది. కట్టి చూపించమంది. కత్తి బదులు గుమాస్తా బల్ల మీది చెక్క స్కేలు ఇచ్చారు. వకీలమ్మ తన రుమాలు చింపి ఇచ్చారు. నేను చెయ్యి చాపాను. ఇన్నేళ్ల తర్వాత కూడా అదే ముడిరా, బొటనవేలి కిందనుంచి రెండు చుట్లు. "ఇప్పుడు ఈయన్ని నెట్టమ్మా," అని కోర్టు బంట్రోతుని చూపించిందావిడ. పాపం, పెద్దమనిషి. "మెల్లగా తల్లీ," అన్నాడు. నేను మెల్లగానే నెడదామనుకున్నాను. ఆ కుళాయి గుర్తొచ్చింది, ఆ నవ్వు గుర్తొచ్చింది, తన్నేసిన బకెట్టు గుర్తొచ్చింది. రెండు చేతులతో నెట్టాను. ఆయన వెళ్లి గోడకి తగిలాడు.

ఆయన చొక్కా చెయ్యి పైకి తీయించి చూశారు. ఎడమచేతి మీద కిందనుంచి పైకి ఏటవాలుగా ఎర్రగా చార. పెద్దావిడ ఆ చార చూసింది, చేతిలో ఉన్న డాక్టరు కాగితం చూసింది. మేస్త్రీ గాయం కూడా కిందనుంచి పైకే ఉందట. నువ్వు కత్తి ఎత్తి పైనుంచి వేశావన్నాడు కదా ఆ మేస్త్రీ. అవతలి వకీలు నవ్వడం మానేశాడు.

ముడి విప్పుకోమన్నారు. నాకు రాలేదు. వకీలమ్మకీ రాలేదు. మీ బావకేమో వేళ్లు చల్లబడిపోయాయి. జడ్జీలు ముగ్గురూ చూస్తుండగా తన అరచేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుని, వేడి చేసుకుని, అప్పుడు విప్పాడు.

అయిదేళ్లు కొట్టేశారు. కట్టి ఉన్నదాన్ని పట్టుకున్నట్టు కాదన్నారు. రెండేళ్లు మాత్రం రెండేళ్లే. నెట్టావు కాబట్టి. నీ వాక్యాన్ని కూడా ఆ పెద్దావిడ చదివింది. "కుర్రవాడు బాగా మాట్లాడతాడు, ఎప్పుడు మాట్లాడాలో ఇంకా తెలియదు," అంది. అంది ఆవిడ, నేను కాదు.

ఇక రెండో సంగతి. ఇవాళ పొద్దున బావని షెడ్డు గేటు దగ్గరే ఆపేశారు. ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఆయన మీద కేసు పెడతారో లేదో తెలియదు. పెడితే చూసుకోవచ్చన్నారు వకీలమ్మ. సామాను కడుతున్నాను. బస్సు డిపో వెనక టైర్ల కొట్టు మీద ఒక గది ఉందట, అక్కడికి పోతున్నాం. రాత్రంతా భయపడ్డాను. ఇప్పుడు కూడా భయంగానే ఉంది. కానీ మీ బావ ఇవాళ కడుపునిండా తిన్నాడు.

క్షమించమని రాయకు. రాశావో, ఆ కాగితం కూడా చెప్పులోకే పోతుంది.

అక్క


సెప్టెంబరు 1

అక్కా,

నీ ఉత్తరం పక్క మంచం ముసలాయనకి చదివి వినిపించాను. బంట్రోతు గోడకి తగిలినచోట మళ్లీ చదవమన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు.

నువ్వు వద్దన్న మాట రాయను. ఇంకోటి రాస్తాను. ఇక్కడికి వచ్చినప్పటినుంచీ నేనూ ఒక కరపత్రం రాస్తున్నాను. పొద్దున తీసి చూశాను. మొదటి మాట "సోదరులారా" అని ఉంది. ఆ తర్వాత పన్నెండు పేజీల్లో చలి గురించి రాశాను, ముడి గురించి రాశాను, అంతా నేనే కనిపెట్టినట్టు. అదంతా మన ఇంట్లోనే, పొయ్యి దగ్గర, గాజుల కింద ఉంది. ఒక్కసారీ అడగలేదు. చింపలేదులే, వెనక్కి తిప్పి ఖాళీ వైపున ఈ ఉత్తరం రాస్తున్నాను.

గదిలో వాన కురుస్తోందా? టైర్ల కొట్టువాడు మంచివాడేనా? నాకు కుదురుగా ఉండటం లేదు. నేను గెలిచాను, మీరు వీధిలో ఉన్నారు. ఈ లెక్క నాకు ఎంత ఆలోచించినా తేలడం లేదు. కేసు పెడితే మాత్రం నన్ను పిలవమను. ఈసారి అవునో కాదో చెప్పి ఊరుకుంటాను. బకెట్టు సంగతి ఒక్కటి కలుపుతాను.

నిన్న ఆదివారం. వరసలో నిలబడి అలవాటుగా చెయ్యి చాపాను. వార్డరు నా కార్డు చూశాడు. ఎర్ర సిరా మాట మీద అడ్డంగా గీత ఉంది. కత్తెర నా అరచేతిలో పెట్టి పక్కవాడి దగ్గరికి వెళ్లిపోయాడు. ఎడమచేత్తో కుడిచేతి గోళ్లు తీయడం ఎలాగో మర్చిపోయాను. "త్వరగా కానివ్వరా అబ్బాయ్," అని వెనకనుంచి ఎవడో తిట్టాడు. అబ్బాయ్ అన్నాడక్కా.

ములాఖత్‌కి వచ్చినప్పుడు చెయ్యి కడ్డీల్లోంచి ఇలా పెట్టు, ఆ మచ్చ నేను చూడాలి. బావని కూడా తీసుకురా. ఏమీ మాట్లాడక్కర్లేదు. ఆయన మాట్లాడాల్సింది మాట్లాడేశాడు.

నీ తమ్ముడు
(గోళ్లు తీసుకుంటూ తల వంచినవాడు)